లోపలి కంప్యూటర్ నుంచి వచ్చిన శుభలేఖ

నేను పనిచేసిన డీటీపీ సెంటర్లో ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ ఉండేది. ఇంట్లో ఈ మాట చెబితే మా అమ్మ, పొద్దస్తమానం ఆ పెట్టె ముందు కూర్చుని నీకు మతి పోతోందే అని దిష్టి తీసింది. నేను అబద్ధమేమీ చెప్పలేదు. రెండువేల సంవత్సరం దాటి ఆరేడేళ్ళయిన రోజులవి. దర్శి బస్టాండు దగ్గర పురుగుమందుల కొట్టుని ఆనుకుని ఉండేది మా సెంటర్. శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, ఎన్నికల కరపత్రాలు, బడుల పరీక్ష పేపర్లు, తెలుగులో ఏది అచ్చు కావాలన్నా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మా దగ్గరికే వచ్చేవాళ్ళు. ఒక వేసవిలో కరెంటు హెచ్చుతగ్గులకి మా పాత కంప్యూటర్ కాలిపోయింది. ఓనరు కొత్తది తెచ్చాడు. తెచ్చాక తెలిసింది, మేము ఏళ్ళ తరబడి వాడుతున్న తెలుగు సాఫ్ట్‌వేర్ ఈ కొత్త విండోస్ మీద ఎక్కదని.

వారం రోజులు పని ఆగిపోయింది. చివరికి ఒంగోలు నుంచి ఒక మెకానిక్ వచ్చి, మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా కూర్చుని, కొత్త కంప్యూటర్ తెర మీదే ఒక కిటికీ లాంటిది తెరిచి, అందులో మా పాత విండోస్‌నీ పాత సాఫ్ట్‌వేర్‌నీ ఎక్కించాడు. దాన్ని వర్చువల్ మెషిన్ అంటారని చెప్పాడు. మేము మాత్రం లోపలిది, బయటిది అనుకునేవాళ్ళం. లోపలిదాంట్లో తెలుగు టైపు చెయ్యాలి. బయటిదాంట్లో వినాయకుడి బొమ్మ, పూల అంచులు పెట్టి కార్డు తయారుచెయ్యాలి. మరి లోపల కొట్టిన మాటలు బయటికి రావడం ఎలాగంటే రెండు దార్లు చూపించాడు. ఒకటి, లోపల ఫైలుగా దాచి, రెండిటికీ ఉమ్మడిగా ఉన్న షేర్ ఫోల్డర్‌లో వేసి, బయట నుంచి తెరుచుకోవడం. ఆలస్యమే గాని నమ్మకంగా వస్తుంది. రెండోది, లోపల కాపీ కొట్టి బయట పేస్ట్ చెయ్యడం. ఇది చిటికెలో పని. కాకపోతే అప్పుడప్పుడు మొరాయిస్తుంది. లోపల కొత్తగా కాపీ చేసినది బయటికి దాటదు. బయట అంతకుముందుదే మిగిలి ఉంటుంది, పేస్ట్ నొక్కితే ఆ పాతదే పడుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. లోపలి నుంచి వచ్చిన తెలుగు బయట వెంటనే తెలుగులా కనపడదు. ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గీతలు కలగలిసి పిచ్చిరాతలా పడుతుంది. దాన్ని పట్టి తెలుగు ఫాంటు ఇచ్చాకే చదవడానికి వస్తుంది. అంటే ఏం పడిందో పడినప్పుడు తెలియదు. అందుకే షేర్ ఫోల్డర్ దారినే రమ్మని మెకానిక్ మరీ మరీ చెప్పి వెళ్ళాడు. ఓనరు కూడా రోజూ అదే పాట పాడేవాడు. నేను వింటేగా. ముక్కు మీద కోపం నాకు, దానికి తోడు తొందర. నిమిషంలో అయ్యేదానికి పది నిమిషాలు ఎందుకని కాపీ పేస్టే కొట్టేదాన్ని. నూటికి తొంభైతొమ్మిదిసార్లు ఏమీ కాలేదు కూడా.

మా నాన్న పరుపులు కుట్టేవాడు. దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగేవాడు. మేము దూదేకులవాళ్ళం. ఇంట్లో నమాజు చేస్తాం, మాట్లాడేది తెలుగే. మా ఇళ్ళలో గోత్రాలు ఉండవు గాని, ఆ చుట్టుపక్కల ఎవరింటి గోత్రమేమిటో నాకు కంఠతా వచ్చు. పెళ్ళివారు కాగితం మీద రాసుకొచ్చినదాంట్లో తప్పుంటే నేనే దిద్దేదాన్ని. సాయిబుల పిల్లకి ఇవన్నీ ఎట్టా తెలుసని వాళ్ళు ముక్కు మీద వేలేసుకుంటే నాకు లోలోపల గర్వంగా ఉండేది.

శుభలేఖలో చిరంజీవులతో పాటు పోయినవాళ్ళు కూడా ఉంటారు. పోయిన తాత పేరు ముందు కీ.శే. అని వేస్తాం, అంటే కీర్తిశేషులు. ఉన్న తండ్రి పేరు ముందు శ్రీ అని వేస్తాం. కీ.శే. వారి మనుమడు, శ్రీ వారి పుత్రుడు అని వరసగా వస్తుంది. బతికున్న మనిషికి పొరపాటున కీ.శే. పడిందంటే దాన్ని ఎవరూ అచ్చుతప్పు అనుకోరు, అపశకునం అంటారు. పక్క ఊరి ప్రెస్సులో అలా జరిగితే పెళ్ళివారు కార్డుల కట్టలన్నీ నడిరోడ్డు మీద పోసి, ప్రెస్సాయన చేత ఆ పెద్దమనిషి కాళ్ళు పట్టించారట. ఆ సంగతి మా ఓనరు నాకు నెలకోసారన్నా చెప్పేవాడు. అందుకే మా దగ్గర ఏ కార్డయినా ముందు తెల్లకాగితం మీద ప్రూఫ్ తీసి ఇచ్చేవాళ్ళం. ఆ ఇంటి పెద్ద అక్షరం అక్షరం చదివి, కింద సంతకం పెడితేనే అచ్చుకి వెళ్ళేది.

ఆ ఏడు మాఘమాసంలో ముహూర్తాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఊళ్ళల్లో మిరపకాయలు కళ్ళాలకి చేరుతున్న రోజులు. బస్సుల్లో, జనం బట్టల్లో, మా కొట్టు అరుగు మీద అంతటా ఆ ఘాటే. పొదిలి దారిలో ఉన్న ఒక ఊరి నుంచి ఒక రైతు చిన్నకొడుకు పెళ్ళి కార్డు కోసం వచ్చాడు. యాభై దాటిన మనిషి. చొక్కాకి మెడ దగ్గర గుండీ కూడా పెట్టుకునేవాడు. నాలుగేళ్ళ కిందట పెద్దకొడుకు కార్డు కూడా మా దగ్గరే కొట్టించాడు. మా నాన్నకి కూడా ఎరిగున్న మనిషే, నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. అచ్చు వెయ్యాల్సిన విషయమంతా ముత్యాల్లాంటి అక్షరాలతో తనే రాసుకొచ్చాడు.

ఆ రోజు కొట్టు నిండా జనం. లోపలిదాంట్లో ఆయన కార్డు టైపు చేశాను. తాత పేరు పెద్ద అక్షరాల్లో ఒకచోట, తండ్రి పేరు ఇంకోచోట రావాలి గనక ముక్కలు ముక్కలుగా బయటికి తెచ్చుకోవాలి. పేర్లన్నీ తెచ్చుకున్నాక, కీ.శే. కాపీ కొట్టి బయట తాత పేరు ముందు పేస్ట్ చేశాను. లోపలికి వెళ్ళి శ్రీ కాపీ కొట్టి, బయట తండ్రి పేరు ముందు పేస్ట్ చేశాను. పిచ్చిరాత పడింది. ఎప్పుడూ పిచ్చిరాతే పడుతుంది కదా, పట్టించుకోలేదు. ఈలోగా ఎవరో బ్యానర్ కోసం గొడవ పెడుతుంటే వాళ్ళతో నోరు పారేసుకుంటూనే మొత్తం కార్డుకి ఒక్కసారే ఫాంటు ఇచ్చేసి, ప్రూఫ్ తీసి పక్కన పెట్టాను. చదవలేదు.

మర్నాడు పొద్దున ఆయన ప్రూఫ్ చూసుకోవడానికి వచ్చాడు. స్టూలు మీద కూర్చుని, జేబులోంచి కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఒక్కో పేరు కింద వేలు పెట్టి చదవసాగాడు. నేను ఇంకొకరికి కార్డుల నమూనాలు చూపిస్తున్నాను. మధ్యలో ఆయన మంచినీళ్ళు అడిగాడు. ఇచ్చాను. సగం తాగి గ్లాసు కింద పెట్టి, మళ్ళీ మొదటి నుంచి చదివాడు. పెళ్ళికూతురి ఊరికి మండలం తప్పు వేశానని చూపించి దిద్దించుకున్నాడు. మీ పెద్దబ్బాయిని కూడా ఒకసారి చూడమనండి బాబాయ్ అన్నాను, ఆ మాట అందరికీ అలవాటుగా చెప్పేదే.

"వాడికెందుకులే, నేను చూశాగా" అన్నాడు. "మిగతాదంతా సరిగ్గానే ఉంది తల్లీ. ఇట్టాగే కొట్టించు."

సంతకం పెట్టి, గొడుగు తీసుకుని బస్టాండు వైపు వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఆ కార్డుని అచ్చుకి పంపడానికి ట్రేసింగ్ కాగితం మీద తీశాను. వెలుతురుకి పట్టి చూస్తే తండ్రి పేరు ముందు కీ.శే. కనపడింది. ఎలా జరిగిందో అప్పుడే అర్థమైపోయింది. లోపల నేను కాపీ చేసిన శ్రీ బయటికి దాటలేదు, తాత పేరుకి వేసిన ముక్కే తండ్రి పేరుకీ పడింది. ముందు నా ఉద్యోగం గుర్తొచ్చింది, నడిరోడ్డు మీద పోసిన కార్డులు గుర్తొచ్చాయి. గబగబా మార్చేసి, ట్రేసింగ్ కాగితం చించి బుట్టలో పడేసి, ఎవరూ చూడలేదు కదా అని చుట్టూ చూశాను. ఆయన కూడా చూసుకోలేదు, అల్లా కాపాడాడు అనుకున్నాను. సిగ్గు లేకుండా హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

ఆ హాయి ఎంతోసేపు లేదు. మండలం తప్పు పట్టుకున్న మనిషికి తన పేరు ముందు ఉన్నది కనపడకుండా పోతుందా అన్న అనుమానం వచ్చింది. మంచినీళ్ళు అడిగినప్పుడు ఆయన వేలు కాగితం మీద ఎక్కడుందో గుర్తు చేసుకున్నాను. కార్డుకి పైభాగంలో, కుడివైపు. అది తండ్రి పేరు ఉండే చోటు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు, అంటే ఆ చోటు మీదుగా రెండోసారి కూడా వెళ్ళాడు. వెళ్ళి, ఇట్టాగే కొట్టించు అన్నాడు.

ఓనరుకి చెప్పాను. ముందు నన్ను కడిగేశాడు, అది న్యాయమే. తర్వాత గొంతు తగ్గించి, పోయిన వానాకాలం ఆయన పురుగుమందు తాగాడని, ఒంగోలు ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఉండి బయటపడ్డాడని చెప్పాడు. ఇంట్లోవాళ్ళు మందు కొడుతుంటే గాలికి ముక్కులోకి పోయిందని ఊళ్ళో చెప్పుకున్నారట. పక్కకొట్టులో మందులు అమ్మేవాళ్ళకి అసలు సంగతి తెలుసట. నువ్వు కార్డు మార్చి కొట్టేసెయ్, మనకెందుకు, పెళ్ళి జరగాల్సిన ఇల్లు అన్నాడు. మంచివాడే మా ఓనరు, కాని ఆ మాటకి నాకు ఒళ్ళు మండిపోయింది. మనకెందుకు అనడానికి ఆ కీ.శే. వేసింది నేనే కదా.

సాయంత్రం ఇంటికెళ్ళి మా నాన్నకి చెప్పాను. బీడీ తీశాడు గాని వెలిగించలేదు. పెళ్ళికి చుట్టాలొస్తారని పాత పరుపులు ఏకి కుట్టమని ఆ ఇంటివాళ్ళు కబురు పెట్టారని, రేపు తను వెళ్ళేది అక్కడికేనని, అప్పుడు చెప్పాడు. నువ్వు కూడా రామ్మా అన్నాడు. నేనెళ్ళి ఏం మాట్లాడతాను నాన్నా అంటే, చేసిన తప్పు చెప్పు, ఆ తర్వాత నోటికి ఏది వస్తే అది మాట్లాడు, నీకు నోటికి కొదవేముంది అన్నాడు. ఇంకొకప్పుడైతే ఆ మాటకి నవ్వేదాన్ని.

పొద్దున నాకు ఒంట్లో బాగాలేదని ఓనరుకి చెప్పి, శ్రీ అని దిద్దిన కొత్త ప్రూఫ్ సంచిలో పెట్టుకుని, నాన్నతో బస్సెక్కాను. దారి పొడవునా చేలల్లో పత్తి తీసేసిన కంపే నిలబడి ఉంది. నాకు లోపల ఒకటే గుబులు. ఆయన నిజంగానే చూసుకోలేదేమో, నేను వెళ్ళి చెబితే లేని ఆలోచన పుట్టించినదాన్ని అవుతానేమో అని ఒక పక్క. చూశాడేమో అని ఇంకో పక్క. ఆ రెండోదే నిజమని నాకు తెలుసు. తెలిసినా బస్సు ఎక్కడైనా ఆగిపోతే బాగుండునని కోరుకున్నాను.

ఊరి చివర వాళ్ళ ఇల్లు. ఇంటి ముందే కళ్ళం, వసారాలో కూర్చుంటే కళ్ళమంతా కనపడుతుంది. ఆడకూలీలు నలుగురు ఒక మూల కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. ఆయన ఇంకో చివర ఒక్కడే వంగి ఎండిన కాయలు తిరగేస్తున్నాడు. మా నాన్న ఇంటి గోడకి విల్లు ఆనించి అక్కడే ఆగిపోయాడు. నేను ఒక్కదాన్నే కాయల పక్కన గట్టు మీదుగా నడిచి వెళ్ళాను. ఘాటుకి తుమ్ములు ఆగలేదు. ఆయన నన్ను చూసి, ఏందమ్మాయ్ ఇంత దూరం వచ్చావని నవ్వాడు. ప్రూఫ్ మళ్ళీ తెచ్చాను చూడండి బాబాయ్ అని కాగితం చాచాను.

"నిన్న చూశాగా తల్లీ. సంతకం కూడా పెట్టా."

నిన్నటిదాంట్లో తప్పుందని చెప్పాను. ఏం తప్పు అని ఆయన అడగలేదు. తప్పుందంటే ఎవరైనా ముందు ఆ ప్రశ్నే అడుగుతారు. ఆయన కింద నుంచి ఒక కాయ తీసి తొడిమ విరిచాడు, ఇంకో కాయ తీసి విరిచాడు.

"మీరు చూశారు బాబాయ్" అన్నాను. "చూసి కూడా చెప్పలేదు."

"చూశా" అన్నాడు.

ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఏమో తల్లీ. నా పేరు ముందు అది చూడంగానే భయం వెయ్యాల గదా. వెయ్యలా. తల మీద బస్తా దించినట్టయింది. పెళ్ళయ్యిందాకా ఎట్టాగో ఓపిక పడదామనుకుంటన్నా. పైవాడు నాకంటే ముందే రాసేసి పంపించాడు గామోసు అనుకున్నా."

ఆ మాట ఆయన ఎంత నెమ్మదిగా అన్నాడంటే, వాన పడేట్టుందమ్మాయ్ అన్నట్టు అన్నాడు. నేను ఏడుస్తాననుకున్నాను గాని నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నా జన్మలో ఏ పెద్దమనిషి మీదా అంత కోపం రాలేదు. కూలీలు తలలెత్తి చూస్తున్నా లెక్కచెయ్యలేదు.

"పైవాడు రాయలేదు బాబాయ్. నేను రాశాను, బుద్ధి లేక. మా దగ్గర కంప్యూటర్లో కంప్యూటర్ ఉంటుంది. లోపల కొట్టిన మాట బయటికి తెచ్చుకోవాలి. ఫోల్డర్‌లో వేసి తెచ్చుకోమని ఓనరు చెబుతూనే ఉన్నాడు. నేను బద్ధకించి కాపీ కొట్టాను. మీ నాన్నగారి పేరు ముందు వేసిన ముక్క బయట అట్టాగే ఉండిపోయి మీ పేరు ముందు కూడా పడింది. అంతే. మీ రాతా కాదు, గీతా కాదు. నా చేతకానితనం. దాని మీద మీరు సంతకం పెడతారా?"

ఆయన చేతిలో కాయ అలాగే ఉంది.

"నా పేరుకి నువ్వు ఏం కొట్టావు మరి?"

"శ్రీ అనే కొట్టాను. లోపల శ్రీ అనే ఉంది. ఇప్పుడు వచ్చి చూసినా ఉంటుంది."

"బయటికి రాలేదు, అంతేనా?"

"అంతే బాబాయ్."

ఆయన కళ్ళం గట్టు మీద కూర్చుండిపోయాడు. కళ్ళు తుడుచుకున్నాడు. మిరపకళ్ళంలో కళ్ళు తుడుచుకోని వాళ్ళెవరు, అందులో ఏది ఏడుపో నాకు తెలియలేదు. కాసేపటికి, ఇంట్లో చెప్పమాక తల్లీ అన్నాడు. చెబుతాను, మీరు నన్ను జన్మంతా తిట్టుకున్నా సరే చెబుతాను అన్నాను. వెనక్కి చూస్తే మా నాన్న విల్లు తెచ్చుకుని, ఆయనకి పది అడుగుల దూరంలో గోనెపట్టా పరుచుకుంటున్నాడు. ఇక్కడే ఏకుతాను అన్నా, గాలి బాగా తగులుతోంది అంటున్నాడు. మిరపకాయల పక్కన దూది ఏకేవాడిని నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

ఇంట్లోకి వెళ్ళాను. ఆయన భార్య వసారాలో చేటలో బియ్యం ఏరుతోంది. కళ్ళు మాత్రం చేటలో లేవు, కళ్ళం మీద ఉన్నాయి. నేను చెప్పడం మొదలుపెట్టాను. అచ్చులో తప్పు పడిందన్నాను, బాబాయ్ దాన్ని చూసి కూడా సంతకం పెట్టాడన్నాను, ఇప్పుడు ఆయన అన్న మాటలు కూడా ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. ఆమె గుండెలు బాదుకుంటుందని, నన్ను జుట్టు పట్టుకుని బయటికి ఈడుస్తుందని అనుకున్నాను. ఆమె చేట పక్కన పెట్టి, నడుముకి దోపుకున్న తాళంచెవి తీసి అరచేతిలో పెట్టి చూపించింది.

మందు డబ్బాలన్నీ ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసిందట. పైరుకి మందు కొట్టాల్సినప్పుడు తనే కొలిచి ఇచ్చి, డబ్బా పట్టుకుని చేలో వెనకే తిరిగేదట. వానాకాలం నుంచి ఇదే. ఆయన బావి వైపు వెళ్తే ఏదో ఒక పని కల్పించుకుని అటే వెళ్ళేదట. కొడుకులకి సగమే చెప్పింది. వియ్యాలవారి దాకా పోతే ఈ సంబంధం చెడిపోతుందని, సంబంధం చెడితే అది కూడా తన వల్లే అనుకుని ఆయన ఇంకా కుంగిపోతాడని పెదవి విప్పలేదు. ఇదంతా నాతో గొంతు ఎత్తకుండా చెప్పింది. మధ్యలో రెండుసార్లు ఆగి, కళ్ళం వైపు చూసి, మళ్ళీ చెప్పింది.

"ఇప్పుడు బాగానే ఉన్నాడుగా అని అందరూ అంటంటే, నాకొక్కదానికే ఇట్టా కనపడతందా, నాకే పిచ్చి పట్టిందా అనుకున్నానమ్మాయ్" అంది. "నీకు కూడా కనపడింది గదా."

కనపడింది పిన్నీ అన్నాను.

తర్వాత జరిగింది కూడా చెప్పాలి. మూడు రోజుల పరుపుల పనిని మా నాన్న పదకొండు రోజులు చేశాడు. రోజూ ఇద్దరూ అదే కళ్ళంలో. ఏం మాట్లాడుకునేవాళ్ళు నాన్నా అని అడిగితే, ఏముంది, దూది గురించి అనేవాడు. ఆమె తనే వెళ్ళి వియ్యంకుడికి ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది, పోతే పోయింది సంబంధం అనుకుని. ఆ వియ్యంకుడు మర్నాడు పొద్దున్నే వచ్చి, పెళ్ళి మాట ఎత్తకుండా, ఈయన్ని వెంటబెట్టుకుని గుంటూరులో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. పెళ్ళి అనుకున్న ముహూర్తానికే అయింది. నేను వెళ్ళలేదు. బాబాయ్ ఆ తర్వాత మా సెంటర్‌కి ఎప్పుడూ రాలేదు. బస్టాండులో ఎదురుపడితే చూపు తిప్పుకునేవాడు. నేను ఆ ఉద్యోగం మానేసేనాటికి ఆయన బతికే ఉన్నాడు. నాకు అది చాలనుకున్నాను, చాలలేదు. ఆ పొరపాటు నేను చెయ్యకపోయి ఉంటే ఆ ఇంట్లో సంగతి నాకు తెలిసేదే కాదు అన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదలదు. నేను సరిగ్గా కొట్టి పంపించిన కార్డులు ఎన్ని ఇళ్ళకి వెళ్ళాయో, ఆ ఇళ్ళల్లో ఏం జరిగిందో.

ఆ రోజు మాత్రం నేను మధ్యాహ్నం బస్సుకి తిరిగి వచ్చేద్దామనుకున్నాను. సంచి తీసుకుని లేచాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. చాలా ఇబ్బందిగా, పరాయి మనిషి దగ్గర పప్పు బదులడిగినట్టు అడిగింది.

"ఒక్క గంట కూర్చుంటావా అమ్మాయ్, ఇక్కడ, ఆయన కనపడేట్టు? నేను కాస్త పడుకుంటా."

నేను వసారా మెట్టు మీద కూర్చున్నాను. కళ్ళం చివర ఆయన కాయలు తిరగేస్తున్నాడు, మా నాన్న విల్లు మీటుతున్నాడు. ఎవరు ముందు లేస్తారా, ఎవరు ఎటు కదులుతారా అని రెప్ప వెయ్యకుండా చూశాను. గంట కాకముందే నా మెడ పట్టేసింది, కళ్ళు మండాయి, నాకే తెలియకుండా రెండుసార్లు చూపు పక్కకి పోతే ఉలిక్కిపడి మళ్ళీ ఆయన్ని వెతుక్కున్నాను. ఆమె వానాకాలం నుంచి ఇదే పని చేస్తోంది. వెనక్కి తిరిగి చూశాను. చాప కూడా వేసుకోలేదు. వసారా బండల మీద, తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని, నోరు తెరుచుకుని నిద్రపోతోంది. గంట అయ్యాక నేను లేపలేదు. ఆఖరి బస్సు వెళ్ళిపోయేదాకా ఆమె కదల్లేదు.